క్యాన్సర్ పేషెంట్లకు పసరు మందులు, పొడులు, యోగా: మా పర్లాకిమిడి మందుల షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడిలో మందుల షాపు. కౌంటరు అవతలి నుంచి తెలుగు, ఒడియా, సంత రోజుల్లో సవర మాట కూడా వినిపిస్తుంది. కీమో చీటీ పట్టుకొచ్చినవాళ్ళు మందులు తీసుకున్నాక వెంటనే కదలరు. వెనకున్నవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి ఒక మాట అడుగుతారు. ఆ మాటలే ఇక్కడ ప్రశ్నలుగా రాశాను. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఏడాదిన్నర ఆవిడతో విశాఖ తిరిగాను. ఏ మందు మొదలుపెట్టాలన్నా మానాలన్నా మీకు వైద్యం చేస్తున్న డాక్టరే చెప్పాలి. ఆ డాక్టర్ని ఏమని అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

ఆయుర్వేదం, హోమియో, పసరు మందు, యోగా... అన్నీ ఒకే కోవలోవేనా?

కాదు. ఏ పద్ధతి అన్నది కాదు, దాన్ని ఎలా వాడుతున్నారన్నది ముఖ్యం. ఆపరేషను, కీమో, కరెంటు పెట్టడం (రేడియేషన్) నడుస్తుండగా, డాక్టరుకి తెలిసి, వాంతులు తగ్గడానికో నిద్ర పట్టడానికో వాడుకుంటే అది తోడు వైద్యం. అసలు వైద్యం వదిలేసి దాని స్థానంలో వాడితే బదులు వైద్యం. యోగా తోడుగా ఉంటే మంచిదే. అదే యోగా చేస్తున్నాం కదా అని ఆపరేషను మానేస్తే బదులు వైద్యం అయిపోతుంది. మా కౌంటరు దగ్గర ఎవరైనా "వేరు మందు వాడొచ్చా?" అంటే నేను మొదట అడిగేది "తోడుగానా, బదులుగానా?" అనే.

ఆసుపత్రి మానేసి వేరు మందు ఒక్కటే వాడితే ఏమవుతుంది?

అమెరికాలో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్నే లెక్క తీసి 2018లో ప్రచురించారు. ఒంట్లో వేరే చోటికి పాకని, నయమయ్యే అవకాశం ఉన్న క్యాన్సర్లతో ఉండి కూడా, అసలు వైద్యం వద్దని ప్రత్యామ్నాయం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని, మామూలు వైద్యం తీసుకున్న అలాంటి రోగులతో పోల్చారు. బదులు వైద్యం ఎంచుకున్నవాళ్ళలో చావు ముప్పు రెండున్నర రెట్లు తేలింది. రొమ్ము క్యాన్సర్ వరకే చూస్తే ఐదున్నర రెట్లు దాటింది.

అంత ఎక్కువ తేడా రొమ్ము క్యాన్సర్లోనే ఎందుకు? తొలి దశలో పట్టుకుంటే బాగా లొంగే జబ్బు అది. లొంగే జబ్బుని వదిలేస్తేనే నష్టం ఎక్కువ. మా దగ్గర జరిగేది సరిగ్గా ఇదే. గడ్డ నిమ్మకాయంత ఉన్నప్పుడు ఆరు నెలలు పసరు తాగి, అది పుండై వాసన వచ్చాక బరంపురం వెళ్తారు. అప్పుడు ఆసుపత్రిలో పోయారని, ఆసుపత్రికి వెళ్ళడం వల్లే పోయారని ఊళ్ళో పేరు.

మరి మా ఊళ్ళో ఒకాయనకి వేరు మందుతోనే తగ్గిందే! కళ్ళారా చూశాం.

చూసే ఉంటారు. నేను కాదనను. కానీ నాలుగు సంగతులు అడిగి చూడండి.

ఆయనకి బయాప్సీ చేశారా? మెడ మీద బిళ్ళ కట్టిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. టీబీ గడ్డ కావచ్చు, కొవ్వు గడ్డ కావచ్చు, చీము గడ్డ కావచ్చు. ముక్క తీసి పరీక్ష చేయకుండా క్యాన్సర్ అన్నది ఎవరు? మందిచ్చినాయనేనా?

ఆపరేషను అయ్యాక వాడారా? గడ్డ తీసేసిన తర్వాత ఇచ్చే కీమో, జబ్బు తిరగబెట్టకుండా వేసే మందు. అది మధ్యలో ఆపి పసరు తాగినవాళ్ళలో కొందరు బాగానే ఉంటారు. వాళ్ళని బాగుచేసింది సర్జను కత్తి, పేరొచ్చింది పసరుకి.

ఎన్నాళ్ళైంది? కొన్ని క్యాన్సర్లు ఏళ్ళ తరబడి మెల్లగా నడుస్తాయి. ఏడాది బాగున్నారంటే నయమైందని కాదు.

చివరిది, నాకు బాగా గుచ్చుకునేది. అదే మందు వాడి పోయినవాళ్ళు ఎందరు? వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి మనకి చెప్పరు. బతికినాయన ఒక్కడూ టీ కొట్టు దగ్గర పదిమందికి చెప్తాడు.

పొడి వేసుకున్న వారంలోనే ఆకలేసింది, వాపు దిగింది. అంటే పనిచేస్తున్నట్టే కదా?

మా పెద్దమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. మూడో కీమోకి ముందు, మా చుట్టం ఒకాయన పక్క జిల్లా నుంచి పొట్లాలు తెచ్చి ఇచ్చాడు. పాత ఒడియా న్యూసుపేపరు ముక్కల్లో మడిచిన బూడిద రంగు పొడి, తేనెతో రోజుకి మూడు పూటలు. పేరు లేదు, తేదీ లేదు. నాకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడట. నాలుగో రోజుకి పెద్దమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మొహం నిండుగా అయింది. ఇంట్లో అందరూ పండగ చేసుకున్నారు. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు.

కీమోకి వెళ్ళేసరికి రక్తపరీక్షలో షుగరు 300 దాటింది, లివర్ ఎంజైములు పెరిగాయి. ఆవిడకి అంతకుముందు షుగరే లేదు. కీమో వాయిదా. డాక్టరు అరవలేదు, "ఇంకేమైనా వాడుతున్నారామ్మా?" అని మెల్లగా అడిగారు. పెద్దమ్మ నా వైపు చూసింది, నేను పెద్దమ్మ వైపు చూశాను. చివరికి చీర కొంగుముడి విప్పి పొట్లం బల్ల మీద పెట్టింది.

ఆ పొడిలో ఏముందో పరీక్ష చేయించలేదు కాబట్టి ఇదీ అని నేను తేల్చి చెప్పను. కానీ పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలపడం మన దేశంలో కొత్తేమీ కాదు. డెక్సామెథసోన్ లాంటిది కలిస్తే వెంటనే ఆకలేస్తుంది, నొప్పి తగ్గుతుంది, వాపు దిగుతుంది, మొహం ఉబ్బుతుంది, షుగరు ఎక్కుతుంది. అందుకే "వారంలోనే గుణం కనిపించింది" అంటే నాకు ముందు భయం వేస్తుంది. ఇన్నాళ్ళూ వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపేయకండి. స్టెరాయిడ్ అలవాటైన ఒంటికి హఠాత్తుగా ఆపడం ప్రమాదం. పొట్లం డాక్టరుకి చూపించి, ఆయన చెప్పినట్టు ఆపండి.

కత్తి తగిలితే, సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందట?

ముక్క పరీక్ష చేస్తే జబ్బు పాకుతుందన్న భయంతో అది మానుకోవడంలో అర్థం లేదు. ఏ రకం క్యాన్సరో తెలియకుండా ఏ మందు ఇవ్వాలో తెలియదు. కొన్ని చోట్ల, ఉదాహరణకి వృషణంలో గడ్డకి, సూది గుచ్చకుండా నేరుగా ఆపరేషనే చేస్తారు. అది డాక్టర్లకి తెలుసు. ఈ మాట ఎలా పుట్టిందంటే, ఆలస్యంగా వెళ్ళినవాళ్ళకి అప్పటికే పాకి ఉంటుంది. కోశాక ఆ సంగతి బయటపడుతుంది. నింద కత్తి మీదికి పోతుంది.

పసుపు తింటే క్యాన్సర్ పోతుందా?

కూరలో పసుపు తినండి, పాలల్లో చిటికెడు వేసుకోండి, ఎవరూ వద్దనరు. మన కంధమాళ్ పసుపుకి జీఐ గుర్తింపు కూడా ఉంది, బాగుంటుంది. పసుపులోని కర్క్యుమిన్ ల్యాబులో గాజు పళ్ళెంలో ఉన్న క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే. కానీ మనం మింగితే అది రక్తంలోకి చాలా కొద్దిగానే చేరుతుంది. ఆ లోటు తీర్చడానికని మిరియాల సారం కలిపి క్యాప్సూళ్ళు చేస్తున్నారు. చిక్కంతా అక్కడ వస్తుంది. మిరియాల్లోని పైపరిన్ కర్క్యుమిన్‌ని ఎక్కువ ఎక్కించడంతో ఆగదు, వేరే మందుల మోతాదునీ రక్తంలో మార్చేయగలదు. ఇలాంటి క్యాప్సూళ్ళతో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళకీ, ఆపరేషను దగ్గరపడినవాళ్ళకీ ఇంకా జాగ్రత్త కావాలి.

తిప్పతీగ కషాయం రోజూ తాగుతున్నాం. ఇమ్యూనిటీకి మంచిది కదా?

కోవిడ్ రోజుల్లో అందరూ తాగారు, మా ఇంటి గోడ మీదున్న తీగ కూడా మోడైపోయింది. 2021లో ముంబయి డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసుల గురించి రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానికి అభ్యంతరం చెప్పింది. 2022లో దేశంలోని చాలా ఆసుపత్రుల డాక్టర్లు కలిసి 43 మంది రోగుల వివరాలతో మరో అధ్యయనం ప్రచురించారు. తాగిన అందరికీ ఇలా అవుతుందని కాదు. కానీ కీమో మందుల్లో చాలావాటిని అరగదీసేది లివరే. ఆ బరువు మోస్తున్న లివర్ మీద ఇంకో మూట పెట్టడం దేనికి? కీమో నడిచినన్నాళ్ళూ ఆపేయమనే నేను చెప్తాను. అశ్వగంధ పొడికీ ఇదే జవాబు.

ఇమ్యూనిటీ అన్న మాట గురించి ఒక ముక్క. రక్త క్యాన్సర్లు కొన్ని ఆ రోగనిరోధక కణాల్లోనే పుడతాయి. "పెంచడం" ఎప్పుడూ మంచిదే అనుకోవడం పొరపాటు.

భస్మాలు శుద్ధి చేసినవి, వాటితో భయం లేదంటారు?

పాదరసం, సీసం, ఆర్సెనిక్ కలిసే మందులు ఆయుర్వేదంలో లోహాల మందుల శాఖ అయిన రసశాస్త్రంలో ఉన్నాయి, అది దాచిన సంగతేమీ కాదు. 2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్లో అమ్మే 193 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే, దాదాపు ప్రతి ఐదింటిలో ఒకదానిలో ఈ మూడింటిలో ఏదో ఒకటి దొరికింది. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందు కిడ్నీ మీద ఎలాగూ భారం వేస్తుంది. దానికి తోడు పాదరసమా?

లైసెన్సు నంబరు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు లేని సీసాని మా షాపులో అలమరలో కూడా పెట్టను. అవి ఉన్నంత మాత్రాన మీకు సరిపడుతుందని కూడా కాదు.

కీమో మందులే మొక్కల్లోంచి వచ్చాయట. అలాంటప్పుడు మొక్కే తినొచ్చుగా?

ఇది అడిగినవాళ్ళంటే నాకు ఇష్టం, ఎందుకంటే సగం మాట నిజం. మన ఇళ్ళ ముందు, సమాధుల దగ్గర గులాబీ రంగు పూలు పూసే బిళ్ళగన్నేరు ఉంది చూడండి, 1950ల చివర్లో దాన్ని షుగరు మందు కోసం పరీక్షిస్తుంటే తెల్ల రక్తకణాలు పడిపోవడం గమనించారు. అందులోంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. పిల్లల రక్త క్యాన్సర్‌కి నేటికీ విన్‌క్రిస్టిన్ ముఖ్యమైన మందు. టాక్సాల్ అనే ఇంజెక్షను అమెరికాలోని ఒక చెట్టు బెరడులోంచి వచ్చింది.

ఇప్పుడు రెండో సగం. విన్‌క్రిస్టిన్ ఒక డోసు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. కాస్త ఎక్కువైతే నరాలు దెబ్బతింటాయి. ఆకులో ఆ మందు ఉండేది ఎంత కొద్దిగా అంటే, ఒక గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. మీరు గుప్పెడు ఆకు నూరి తాగితే క్యాన్సర్‌కి సరిపడా మందు అందదు, కానీ ఆకులో ఉన్న డజన్ల కొద్దీ వేరే పదార్థాలు కడుపులోకి పోతాయి. షుగరు పడిపోవచ్చు, అసలే తగ్గిన కణాలు ఇంకా తగ్గొచ్చు. షుగరుకని ఈ ఆకు నమిలే అలవాటు మన వైపు ఉంది. కీమోలో ఉన్నవాళ్ళు ఆ అలవాటు పూర్తిగా మానాలి.

గడ్డ మీద పైపూత మందు రాస్తే కరిగిపోతుందా?

నల్లజీడి రసం గానీ అలాంటి కాల్చే మందు గానీ రాస్తే చర్మం బొబ్బలెక్కి, కాలి, ఊడిపోతుంది. ఊడిన చెక్కు చూపించి "వేరుతో సహా వచ్చేసింది" అంటారు. వచ్చింది చర్మం. గడ్డ అడుగున అలాగే ఉంటుంది, పైగా పుండు పడిన రొమ్ముకి ఆపరేషను చేయడం సర్జనుకి కష్టం. కరెంటు పెట్టించుకుంటున్న చోట అయితే పసుపు, నూనె, కలబంద ఏదైనా సరే అడగకుండా రాయొద్దు.

లక్ష్మణఫలం కీమో కంటే పదివేల రెట్లు బలమైందని వాట్సాప్‌లో వచ్చింది.

నాకూ నెలకి రెండుసార్లు వస్తుంది. ఆ మాట ల్యాబు పరీక్షల్లోంచి ఊడబెరికిన ముక్క, మనుషుల మీద రుజువైంది కాదు. పండు ఎప్పుడో ఒకటి తింటే ఏమీ కాదు. ఆకు కషాయం నెలల తరబడి తాగితే అందులోని ఆనోనాసిన్ నరాలకి చేటు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఆ పండు, ఆకు కషాయం బాగా వాడేవాళ్ళలో పార్కిన్సన్ లాంటి జబ్బు కనిపించింది.

విటమిన్ బి17 పేరుతో తిరిగే ఆప్రికాట్ గింజల సంగతి ఇంకా చెడ్డది. అది విటమినే కాదు. అందులోంచి సయనైడ్ పుడుతుంది. 1982లో మేయో క్లినిక్ ఆధ్వర్యంలో 178 మంది రోగుల మీద ప్రయోగించి ఫలితం లేదని తేల్చేశారు. నలభై ఏళ్ళైనా ఫార్వర్డులు ఆగలేదు.

వంటసోడా నీళ్ళు తాగితే రక్తం క్షారమవుతుందన్నదీ అంతే. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యలోనే ఉండేలా ఊపిరితిత్తులు, కిడ్నీలు చూసుకుంటాయి. అయితే కీమోతో నోరు పూసినప్పుడు వంటసోడా, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించడం మంచి పని. పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు.

పంచదార, పాలు, గుడ్డు మానేయాలా? పసరు వైద్యుడు ఉప్పులేని పథ్యం చెప్పాడు.

క్యాన్సర్ కణం చక్కెర ఎక్కువ తింటుందన్నది నిజం. పెట్ స్కాన్ పనిచేసేదే ఆ సూత్రం మీద. కానీ మీరు పంచదార మానేస్తే దానికి ఆకలి చావు రాదు. ఒళ్ళు కండనీ కొవ్వునీ కరిగించి చక్కెర తయారుచేసుకుంటుంది. చిక్కేది మనిషే. కీమోలో నేను చూసిన పెద్ద కష్టం జబ్బు కంటే పథ్యం. ఉప్పు లేదు, పులుపు లేదు, గుడ్డు లేదు, చేప లేదు అంటూ నలభై రోజుల్లో ఎనిమిది కిలోలు తగ్గి, కీమో తట్టుకోలేక మధ్యలో ఆపినవాళ్ళున్నారు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, చోడి అంబలి, నోటికి ఏది సయిస్తే అది పెట్టండి. షుగరు జబ్బు ఉంటే ఆ లెక్క వేరు.

ఒక్క జాగ్రత్త. మన పకాళ, అదే రాత్రి నీళ్ళు పోసిన చద్దన్నం, ఎండాకాలంలో ప్రాణానికి హాయి. కానీ కీమో ఇచ్చిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య సాధారణంగా తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో చద్దన్నం, పచ్చి ఆకుల రసాలు, గోమూత్రం, కోసి పెట్టిన సంత పళ్ళు వద్దు. వేడివేడిగా వండింది తినాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే తెల్లారేదాకా ఆగకూడదు, కషాయంతో చూద్దాం అనుకోకూడదు, అప్పుడే ఆసుపత్రికి బయల్దేరాలి.

జీలుగు కల్లు బలమే కదా? గంజాయి నూనె మాటేమిటి?

జీలుగు కల్లు కల్లే. ఆల్కహాలు క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో ఉంది.

గంజాయి సంగతి. కోరాపుట్, మల్కన్‌గిరి కొండల పేరు ఈ విషయంలో పేపర్లో రాని వారం ఉండదు కాబట్టి ఈ ప్రశ్నా వస్తుంది, కాకపోతే చాలా మెల్లగా. గంజాయిలోని పదార్థాన్నే పోలిన డ్రోనాబినాల్ మాత్రకి కీమో వాంతుల కోసం అమెరికాలో 1985లో అనుమతి వచ్చింది. అది వాంతులకి, క్యాన్సర్‌ని నయం చేయడానికి కాదు. మన దగ్గర అదే 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరం. వాంతులకి అంతకంటే బాగా పనిచేసే ఓండాన్‌సెట్రాన్ మా షాపులోనే చీటీ మీద దొరుకుతుంది. జైలు టెన్షన్ మీకెందుకు?

హోమియో వాడొచ్చా?

30సీ పొటెన్సీ అంటే ఒకటి పక్కన అరవై సున్నాలు పెట్టినంత పలచన. అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలదు. అందుకే సాధారణంగా హాని ఉండదు, క్యాన్సర్‌ని తగ్గించే గుణమూ రుజువు కాలేదు. ఆ తియ్యటి గోళీల కోసం ఆపరేషను తేదీ వెనక్కి జరిపితే మాత్రం హాని జరిగినట్టే.

అన్నీ వద్దంటున్నారు. పనికొచ్చేవి ఏవీ లేవా?

ఉన్నాయి, నేను ఇష్టంగా చెప్పేది ఇవే.

అల్లం. 2012లో ప్రచురించిన అమెరికా పరిశోధనలో 576 మంది కీమో రోగులకి వాంతుల మాత్రతో పాటు అల్లం ఇస్తే, రోజుకి అర గ్రాము నుంచి ఒక గ్రాము తీసుకున్నవాళ్ళకి వికారం తగ్గింది. అంటే పావు చెంచా, అర చెంచా శొంఠి పొడి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే, రక్తం పలచబడే మందు వాడుతుంటే ముందు అడగండి.

మణికట్టు నొక్కడం. అరచేయి మీ వైపు తిప్పుకోండి. మణికట్టు గీత దగ్గర నుంచి మోచేయి వైపు మూడు వేళ్ళు పెట్టండి. మూడో వేలు ఆగిన చోట రెండు నరాల్లా తగిలే స్నాయువుల మధ్య గుంట ఉంటుంది. అక్కడ బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టాలి. చైనా వాళ్ళ ఆక్యుప్రెషర్ ఇది, వికారానికి కొంత ఆధారం ఉంది. విశాఖ బస్సులో శ్రీకాకుళం దాటేదాకా మా పెద్దమ్మ చెయ్యి నేను నొక్కుతూనే ఉండేవాణ్ణి. మందు పనో, చెయ్యి పట్టుకున్న పనో, ఆవిడకి వికారం తగ్గేది.

యోగా, ప్రాణాయామం, నడక. నీరసం, నిద్రలేమి, ఆందోళన తగ్గడానికి వీటికి మంచి రుజువులే ఉన్నాయి. ఎముకలకి పాకినవాళ్ళు మాత్రం వంగే, మెలితిరిగే ఆసనాలు వేయకూడదు, ఎముక విరగొచ్చు. ఆముదంతోనో నువ్వుల నూనెతోనో మెల్లగా కాళ్ళు రాయించుకోవచ్చు. గడ్డ మీద, కరెంటు పెట్టిన చోట, ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే ఆ కాలి మీద మాత్రం మర్దన వద్దు. ఆ వాపు రక్తం గడ్డకట్టడం కావచ్చు.

భజనలు, పాటలు, ఊళ్ళో మాట్లాడే మనుషులు... వీటికి డాక్టరు అనుమతి అక్కర్లేదు.

దిసారి (గిరిజన ఊళ్ళ పూజారి) దగ్గర పూజ చేయించాలని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడుతున్నారు.

చేయించండి. కోరాపుట్ వైపు దిసారి అయినా, మన సవర, జాతాపు ఊళ్ళల్లో ఎజ్జోడు అయినా, తరతరాలుగా ఆ ఊరి ధైర్యం వాళ్ళ దగ్గర ఉంది. దాన్ని తీసి పారేసే హక్కు నాకు లేదు. మూడు పనులు మాత్రం వద్దని ముందే చెప్పుకోండి: వాతలు పెట్టడం, కోసి రక్తం తీయడం, రోగిని ఉపవాసం ఉంచడం. పూజ కీమో తేదీ మీద పడకుండా చూసుకోండి. నాకు తెలిసిన ఒక దిసారి నోట్లో పుండు చూసి, తనంతట తనే "ఇది నా పని కాదు, పెద్ద ఆసుపత్రికి పోండి" అన్నాడు. డిగ్రీ ఉన్నవాళ్ళు కూడా అందరూ ఆ మాట చెప్పరు.

నోటి పుండు అన్నాను కాబట్టి, గుడాఖు (పొగాకు ముద్ద) పళ్ళకి రుద్దుకోవడం, మన ముసలమ్మలు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ, ఈ రెండూ మానకుండా ఏ మందు వాడినా ఫలితం సగమే.

పసరు మందు చవక. ఆసుపత్రి ఖర్చు భరించలేం.

లెక్క వేసి చూశారా? నెలకి మూడు నాలుగు వేలు పొడులకి పోసి, ఆసుపత్రిలో ఉచితంగా దొరికే మందు వదిలేసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఒడిశాలో జిల్లా కేంద్ర ఆసుపత్రుల్లో డే కేర్ కీమో ఉచితంగా ఇస్తున్నారు. మొదటి కీమో పెద్ద ఆసుపత్రిలో అయ్యాక మిగతావి ఇంటి దగ్గర చేయించుకోవచ్చేమో అడగండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మన ఒడిశా కార్డుకి వర్తించదు. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపు దాటితే చుట్టరికాలు మారవు గానీ కార్డులు మారిపోతాయి. మీ ఆయుష్మాన్ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బయల్దేరే ముందే ఫోను చేసి కనుక్కోండి. చికిత్సకి వెళ్ళే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్ టిక్కెట్టు ఉచితం, దానికి ఆసుపత్రి సర్టిఫికెట్టు కావాలి.

డాక్టర్లే చేతులెత్తేశారు. ఇప్పుడైనా వేరు మందు వాడొచ్చా?

ఈ ప్రశ్నకి నేను గట్టిగా మాట్లాడలేను. ఏమీ చేయలేమని ఇంటికి పంపితే ఎవరైనా ఏదో ఒకటి చేయాలనే అనుకుంటారు. కానీ నయం చేయలేకపోవడం వేరు, ఏమీ చేయలేకపోవడం వేరు. నొప్పి, ఆయాసం, వాంతులు, పుండు వాసన, వీటన్నిటికీ మందుంది. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. మార్ఫిన్ మాత్రలు దొరకడం సులువు చేయడానికి 2014లో చట్టమే మార్చారు. "మార్ఫిన్ ఇస్తే అలవాటైపోతుంది, తొందరగా పోతారు" అన్నది పాత భయం, డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అలా జరగదు. పొలం అమ్మి పొడి కొనే ముందు, నొప్పికి మందు రాయించారా అని ఒక్కసారి చూసుకోండి. రోగికి చేదు కషాయం మింగాలని లేకపోతే మాత్రం బలవంతం చేయకండి.

"గ్యారంటీగా నయం" అని బోర్డు పెట్టారు, గవర్నమెంటు ఊరుకుంటుందా?

ఊరుకోకూడదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్‌ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ జాబితాలో క్యాన్సర్ పేరు స్పష్టంగా ఉంది. అయినా బోర్డులు ఉన్నాయి, యూట్యూబ్ ఉంది. గ్యారంటీ అన్న మాట వినిపించిన చోటి నుంచి లేచి వచ్చేయండి.

డాక్టరుకి చెప్తే తిడతారేమో. పైగా ఆయన ఒడియా, మా అమ్మది తెలుగు.

తిడితే తిట్టనివ్వండి. చెప్పకపోతే లివర్ ఎందుకు చెడిందో తెలియక మంచి కీమో మందునే మార్చేస్తారు. పొట్లం, సీసా, వేరు ముక్క ఏదైతే అది సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. ఎప్పటి నుంచి, రోజుకి ఎన్నిసార్లు అన్నది కాగితం మీద రాసుకోండి.

భాష దగ్గర నిజంగానే చిక్కుంది. వేరు మందుని ఒడియాలో చేరమూళి అంటారు. తిప్పతీగని గుళుచి, పసుపుని హళది, నల్లజీడిని భాలియా అనాలి. అన్నిటికంటే తికమక పెట్టేది నిమ్మ. ఒడియాలో నిమ అంటే వేప. నిమ్మకాయని లెంబు అంటారు. మా వీధి అప్ప ఒకావిడ డాక్టరుతో "రోజూ పొద్దున్నే నిమ్మరసం తాగుతున్నానండి" అంది. ఆయన గ్లాసుడు వేపాకు రసం అనుకుని వెంటనే ఆపేయమని, లివర్ టెస్టు రాశారు. ఆవిడ పది రోజులు నిమ్మకాయ ముట్టకుండా, రిపోర్టు పట్టుకుని మా కౌంటరుకి వచ్చి "ఏటి బాబూ, నిమ్మకాయ కూడా చేటేనా?" అని అడిగింది. రిపోర్టు నార్మల్‌గానే ఉంది. చీటీ వెనకాల "లెంబు" అని ఒడియాలో రాసి ఇచ్చాను.